దీనమ్మ పండగ ఎలా చేసేది

"కొబ్బరి నీళ్ళు కాళ్ళ మీద పోస్తే చీమలు పడతాయని నాకు తెలీదాండీ? పదమూడో ఏట చెట్టెక్కినోణ్ణి. ఒంటిమీద ఎన్ని రకాల చీమలు పాకుతాయో, ఏది కుడితే ఎంతసేపు మండుతుందో నన్నడగండి, చెప్తాను. తెలిసే పోసేనండి. అప్పటికి మావాడు మూడేళ్ళోడు. 'అమ్మ పండగ ముందు రోజు కొబ్బరి నీళ్ళతో కాళ్ళు కడిగేది' అన్నాడు. అమ్మ కడిగేదంటే ఏం చేస్తామండీ? కడుగుతాం."

నూకరాజు ఇలా చెబుతుంటే మాణిక్యాలరావు పెన్సిలు వేళ్ళ మధ్య పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఒళ్ళో పలక, పలక మీద కాగితం. కాగితం మీద ఇప్పటికి ఒక్క ముక్కే ఉంది. 'నా కుమార్తె సుందరికి నాన్న ప్రభువు పేరట దీవించి వ్రాయించునది.' అది రాసి అరగంట దాటింది.

మాణిక్యాలరావు సైకిలు మీద పలకలు, పెన్సిళ్ళు, పంచాంగాలు, పాటల పుస్తకాలు వేసుకుని కొత్తపేట నుంచి రాజోలు దాకా, అక్కణ్ణించి అమలాపురం దాకా ఊరూరూ తిరిగి అమ్ముకుంటాడు. మూడో తరగతి దాటలేదు గాని అమ్మే ముందు ప్రతి పుస్తకమూ తాను చదువుతాడు. చదువు రానివాళ్ళకి ఉత్తరాలు చదివి పెడతాడు, రాసి పెడతాడు. కూతురి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చాక నూకరాజు ఈయన కోసం నాలుగు రోజులు ఆగాడు. ఊళ్ళో చదవగలిగినవాళ్ళు లేక కాదు. చర్చిలో అయ్యగారు చదివి పెడతారు. కానీ అయ్యగారు చదివిన ఉత్తరం ఆదివారం నాటికి అందరి నోళ్ళలోనూ ఉంటుంది. ఈయన పొరుగూరి మనిషి. విన్నది తనలోనే దాచుకుంటాడు. తొందర పెట్టడు.

"తర్వాత?" అన్నాడు మాణిక్యాలరావు.

"తర్వాతేముందండీ. చీమలు పడ్డాయి."

కొత్తపేటకి రెండు మైళ్ళలో, కాలవ గట్టు మీద తాటాకిల్లు. ముందు ఒక కొబ్బరి చెట్టు, పక్కన లోవమ్మ గారి దడి. యాభై ఏడో సంవత్సరం డిసెంబరు నెల, రెండో వారం. పొద్దు వాలే వేళ కాలవ నీళ్ళ మీంచి చల్లగా వస్తోంది. అరుగు మీద ఇద్దరే ఉన్నారు. ఇంట్లో ఇంకెవరూ లేరు. రెండేళ్ళుగా నూకరాజు ఒక్కడికే వండుకుంటున్నాడు. ఒక్కడికి వండుకోవడం అలవాటు కాలేదాయనకి. ఇప్పటికీ గిన్నెలో ముగ్గురి బియ్యం పోసి, మళ్ళీ తీస్తాడు.

* * *

నూకరాజు భార్య దీనమ్మ పోయింది నలభై మూడో సంవత్సరం వేసవిలో. మూడు రోజుల జ్వరం. అప్పటికి సుందరికి ఏడో ఏడు, కొడుకు వీర్రాజుకి మూడో ఏడు నడుస్తున్నాయి. నూకరాజుకి ముప్ఫై నాలుగు. కాళ్ళకి తాడు బందం వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని రోజుకి నలభై చెట్లు ఎక్కి కాయ దింపేవాడు.

సమాధి చేసిన నలభయ్యో రోజున దీనమ్మ అక్కగారు జయమ్మ రాజోలు నుంచి వచ్చింది. దీనమ్మకి అక్కా ఆవిడే, అమ్మా ఆవిడే. తల్లి చిన్నప్పుడే పోతే చెల్లెల్ని పెంచి పెళ్ళి చేసింది. భర్త బడిపంతులు. పిల్లలు లేరు. వచ్చీ రాగానే పిల్లల బట్టలు రెండు మూటలు కట్టింది.

"ఏంటి వదినా ఇది?"

"పిల్లల్ని తీసుకెళ్తాను మరిదీ. నువ్వు చెట్టు మీదుంటే వీళ్ళు కాలవలో ఉంటారు. నువ్వు పడ్డావంటే వీళ్ళకి దిక్కెవరు? ఆడపిల్లకి తల దువ్వడం వచ్చా నీకు?"

"నేర్చుకుంటాను."

"తల దువ్వడం నేర్చుకుంటావు. అమ్మంటే ఏంటో ఎలా నేర్పుతావు? రేపు పండగొస్తుంది. వాళ్ళమ్మ లేని ఇంట్లో పండగ ఎలా ఉంటుందో చూద్దువు గాని."

ఆ మాట నూకరాజుకి గుచ్చుకుంది. గుచ్చుకున్నచోట నొప్పికి నోరు జారింది. "నీ కడుపున పుట్టలేదని నా పిల్లల మీద పడ్డావా?" అన్నాడు.

జయమ్మ మూటలు విప్పింది. బట్టలు మళ్ళీ మడతపెట్టి పెట్లో సర్దింది. పిల్లలిద్దరి తలల మీదా చెయ్యి వేసి, రేవుకేసి నడిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు. ఆ ఏడాది పండక్కి ఎవరి చేతో రెండు జతల బట్టలు పంపిస్తే, నూకరాజు మడత విప్పకుండా తిప్పి పంపేశాడు.

"అదండీ నేను చేసింది," అన్నాడు నూకరాజు. "పైగా నేను గెలిచేననుకున్నాను."

* * *

గెలిచినవాడు పండగ చెయ్యాలి గదా. డిసెంబరు వచ్చేసరికి నూకరాజుకి దిక్కు తోచలేదు. దీనమ్మ పండగ ఎలా చేసేదో ఆయనకి తెలీదు.

ఎనిమిదేళ్ళు కాపరం చేశాడు. ఎనిమిది క్రిస్మస్‌లు ఆ ఇంట్లో జరిగాయి. కానీ పండగ ముందు రోజు చీకటి పడేదాకా ఆయన ఎవరిదో ఒకరి తోటలో చెట్టు మీదుండేవాడు. వచ్చి నాలుగు మెతుకులు తిని పడుకునేవాడు. తెల్లారి లేచేసరికి ఇల్లు అలికి ఉండేది, పాకం వాసన వచ్చేది, పిల్లలు తలంటుకుని ఉండేవాళ్ళు, తన పంచె మడత తలగడ పక్కనుండేది.

"మంచం పక్కన చెంబులో నీళ్ళున్నట్టే ఉండేదండి పండగ," అన్నాడు. "దాహమేస్తే తాగుతాం. ఎవరు పెట్టేరు, ఎప్పుడు పెట్టేరు, ఏ నూతి నీళ్ళు అని ఎవడడుగుతాడు? మొట్టమొదట ఏం చేసేదో, పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఏం చెప్పేదో, పాట పాడేదో లేదో... ఎనిమిదేళ్ళు ఒక్కసారన్నా కళ్ళు తెరిచి చూడలేదండి. ముగ్గేసేదా? వేసేదనే అనుకుంటాను. వట్టి అనుకోవడమే."

అందుకని పిల్లల్నే అడిగాడు. ఇద్దర్నీ ఈ అరుగు మీదే కూర్చోబెట్టుకుని, "అమ్మ పండక్కి ఏం చేసేదర్రా?" అన్నాడు. తనకి తెలిసినట్టూ, వాళ్ళకి గుర్తుందో లేదో పరీక్ష చేస్తున్నట్టూ.

వీర్రాజు వెంటనే కొబ్బరి నీళ్ళ సంగతి చెప్పాడు. వాడి మొహం చూస్తే చూసినవాడు చెబుతున్నట్టే ఉంది. నూకరాజు మూడు కాయలు కొట్టి, పిల్లల కాళ్ళు పళ్ళెంలో పెట్టి కడిగాడు. కడిగి గుడ్డతో తుడిచి అరుగు మీద కూర్చోబెట్టాడు. కాసేపటికి పడ్డాయి చీమలు. ముందు నల్లవి, వాటి వెనక ఎర్రవి. పిల్లలిద్దరూ ఎగిరి గంతులేశారు. దడి అవతలి నుంచి లోవమ్మ గారు తొంగి చూసింది.

"ఏంటి నూకరాజూ, పిల్లలకి డాన్సు నేర్పుతున్నావా? మీ పండక్కిది కూడా ఉందేంటి?"

"కాళ్ళు కడిగేనండి పిన్నిగారూ, కొబ్బరి నీళ్ళతో."

"తలంటుకి బెల్లం పాకం పెట్టకపోయావా, పండగ ఇంకా బాగుండేది!"

ఆ మాటకి సుందరి నవ్వింది. అమ్మ పోయిన ఏడు నెలల్లో అదే మొదటి నవ్వు. అక్క నవ్వితే తమ్ముడూ నవ్వాడు. కాళ్ళు దులుపుకుంటూ, గంతులేస్తూ ఇద్దరూ పకపకా నవ్వారు. లోవమ్మ గారు బిందెడు వేణ్ణీళ్ళు తెచ్చి కాళ్ళ మీద గుమ్మరించింది. మర్నాడు పాకుండలు కూడా ఆవిడే వండి ఇచ్చింది, వండుతున్నంతసేపూ నూకరాజుని తిడుతూనే.

పై ఏడాదికి అదే పద్ధతి అయింది. ముందు కొబ్బరి నీళ్ళు, తర్వాత గంతులు, తర్వాత వేణ్ణీళ్ళు. గంతులు వెయ్యడానికని సుందరి చీమల పుట్ట పక్కకి వెళ్ళి మరీ నిలబడేది.

క్రిస్మస్ చుక్క సంగతి సుందరిది. ఆ మొదటి ఏడాదే, కాళ్ళు కడుక్కున్న సాయంత్రం, "నాన్నా, అమ్మ చుక్కని ఇంటి ముందు చెట్టు మీద కట్టేది" అంది.

"చెట్టు మీదా? ఎవరెక్కేవారమ్మా?"

"నువ్వే."

నూకరాజు కూతురి మొహంలోకి చూశాడు. పిల్ల చూపు తిప్పుకోలేదు. గుక్కెడు నీళ్ళు నోట్లో పెట్టుకున్నట్టు పెదాలు బిగించి నిలబడింది. తాను ఎప్పుడూ చుక్క పట్టుకుని చెట్టెక్కలేదని నూకరాజుకి తెలుసు. ఈ లోకంలో ఆయనకి ఖాయంగా తెలిసిన సంగతి అదొక్కటే.

"అవునవును," అన్నాడు. "మర్చేపోయేను."

వెదురు బద్దలతో చుక్క కట్టి రంగు కాగితం అంటించారు. యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరకలేదు. గాజు బుడ్డిలో కొబ్బరి నూనె పోసి వత్తి వేసి చుక్కలో కూర్చోబెట్టారు. పొద్దు గుంకుతుండగా నూకరాజు దాన్ని వీపుకి కట్టుకుని చెట్టెక్కాడు. కింద నిలబడి సుందరి, "ఎడమకి నాన్నా! ఇంకొంచెం ఎడమకి! ఇప్పుడు వంకరైంది!" అని అరిచింది. వీర్రాజు అక్క ఏమంటే అదే అరిచాడు. కాలవ అవతలి గట్టున పోయేవాళ్ళు ఆగి చూశారు. పడవలో ఎవరో, "యేసయ్య చెట్టెక్కి దిగుతాడేంటోయ్ ఈసారి?" అన్నారు. "కాయ దింపినట్టే దింపుతాను, నువ్వు తల కాసుకో!" అన్నాడు నూకరాజు పైనుంచి.

కిందికి దిగాక సుందరి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "అమ్మున్నప్పుడూ ఇలాగే ఉండేది" అంది. ఆయన తలూపాడు.

* * *

"అయితే ఆ రెండూ పిల్లలు కల్పించినవే," అన్నాడు మాణిక్యాలరావు మెల్లిగా.

"ఆయ్. మూడోది నేను కల్పించేను."

అది నలభై అయిదు. నవంబరులో తుఫాను వానకి తడిసిన చెట్టు మీంచి నూకరాజు జారాడు. పూర్తిగా పడలేదు, సగం నుంచి దూకాడు. చీలమండ విరిగింది. పండక్కి కాలికి కట్టుతో మంచం మీదున్నాడు. చుక్క కట్టేవాడు లేడు. సుందరి లోవమ్మ గారి సాయంతో తమ్ముడి కాళ్ళు కడిగింది గాని ఎవరూ గంతులెయ్యలేదు. పండగ రోజు తెల్లవారకట్ల పిల్లలిద్దరూ మంచం అంచున తలలు దించుకుని కూర్చున్నారు. జయమ్మ అన్న మాట నూకరాజు చెవిలో గింగురుమంది. వాళ్ళమ్మ లేని ఇంట్లో పండగ ఎలా ఉంటుందో చూద్దువు గాని.

"అమ్మ పద్ధతి ఇంకోటుంది. మీరు చిన్నోళ్ళని ఇన్నాళ్ళూ చెప్పలేదు," అన్నాడు. ఏం చెప్పబోతున్నాడో ఆయనకే తెలీదు. "చర్చికెళ్ళే ముందు, ఏడాదంతా ఎవరికీ చెప్పని మాట ఒకటి నాన్న చెవిలో చెప్పాలి. ఏం చెప్పినా తిట్టడం ఉండదు, కొట్టడం ఉండదు. మళ్ళీ ఆ మాట ఎత్తడం కూడా ఉండదు."

"అమ్మ చెవిలో చెప్పేవాళ్ళమా?" అంది సుందరి.

"నేను చెప్పేవాణ్ణి," అన్నాడు నూకరాజు.

వీర్రాజు ముందొచ్చాడు. లోవమ్మ గారి కోడి పెట్టిన గుడ్డు తాను దొంగిలించాననీ, అది జేబులో పగిలిందనీ చెప్పాడు. నవ్వు ఆపుకోవడానికి నూకరాజు దుప్పటి కొరుక్కున్నాడు. తర్వాత సుందరి వంగింది. పిల్ల ఊపిరి వేడిగా తగిలింది.

"నువ్వు చెట్టెక్కినప్పుడల్లా, నువ్వు దిగేదాకా నేను లెక్కపెడతాను నాన్నా. నూరు దాటితే ఏడుస్తాను."

నూకరాజు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ తర్వాత ఏ తోటలో చెట్టు దిగినా, నేల మీద కాలు పెట్టగానే "తొంభై" అనుకునేవాడు, నిజంగా ఎంతైనా సరే.

"నువ్వెవరి చెవిలో చెప్తావు మరి?" అని అడిగింది సుందరి ఆ రోజే.

"పెద్దోళ్ళు చెప్పక్కర్లేదమ్మా."

అలా పదకొండేళ్ళు. ఏటా పండగ పొద్దున్నే ఈ ఇంట్లో ఒక చెవి, రెండు నోళ్ళు. ఏభయ్యో సంవత్సరం, పదేళ్ళ వీర్రాజు చెవిలో అన్నాడు: "నాన్నా, కొబ్బరి నీళ్ళు అబద్ధం. అమ్మ నాకు అస్సలు గుర్తులేదు. మొహం కూడా గుర్తులేదు. అక్కతో చెప్పకు." నూకరాజు వాడి వీపు నిమిరాడు. చెప్పలేదు.

ఏభై నాలుగులో సుందరి టీచరు ట్రైనింగుకి వెళ్ళే ముందు పండగ. పద్దెనిమిదేళ్ళ పిల్ల, అయినా మంచం అంచున అలాగే కూర్చుని అలాగే వంగింది. "చుక్క నేనే కల్పించేను నాన్నా. నువ్వు చెట్టెక్కితే కింద నిలబడి చూడాలనిపించింది, అంతే. నీకు తెలుసు గదా? తమ్ముడితో చెప్పకు. వాడి కొబ్బరి నీళ్ళన్నా నిజమేలే."

ఆయన చెప్పలేదు. అక్కది నిజమని తమ్ముడూ, తమ్ముడిది నిజమని అక్కా అనుకుంటున్నారు. రెండూ కావని తెలిసినవాడు మధ్యలో కూర్చుని ఇద్దరికీ పాకుండలు పెట్టాడు.

సుందరికి ఏలూరులో ఉద్యోగమొచ్చింది. అక్కడే కిందటేడు ఎండాకాలంలో ఒక కాంపౌండరుకిచ్చి పెళ్ళి చేశారు. వీర్రాజు కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. కిందటి క్రిస్మస్‌కి ఇద్దరికీ రావడం పడలేదు. ఆమెకి కొత్త అత్తవారిల్లు, వాడికి పరీక్ష.

"మరి మీరు?"

"చుక్క కట్టేనండి. అలవాటు గదా. పైకెళ్ళేక తెలీలేదు, తిన్నగా ఉందో వంకరగా ఉందో. కిందెవరూ లేరు గదండీ చెప్పడానికి. చెట్టు మీద నుంచి లోవమ్మ గారిని కేకేసేను. ఆవిడకిప్పుడు కళ్ళు సరిగా ఆనవు. 'బాగానే ఉందిలే దిగు, ముసలోడివయ్యేవు' అంది. దిగి చూస్తే ఇంత వంకర. అలాగే ఉంచేసేను."

పొద్దున్నే చర్చికి వెళ్ళే ముందు మంచం అంచున కాసేపు కూర్చున్నాడట.

* * *

ఇక సుందరి రాసిన ఆ ఉత్తరం. నూకరాజు మడతలు విప్పి మళ్ళీ ఇచ్చాడు. "ఆ మధ్య ముక్క ఇంకోసారి చదవండి."

మాణిక్యాలరావు వెలుతురుకేసి పట్టుకుని చదివాడు.

'మొన్న తమ్ముడు వచ్చి వెళ్ళాడు. మాటల్లో కొబ్బరి నీళ్ళు తను కల్పించిందేనని చెప్పాడు. చుక్క నాదని నేను చెప్పాను. చాలాసేపు నవ్వుకున్నాము. నవ్వాక నాకు దుఃఖం వచ్చింది నాన్నా. ఇంక అమ్మది మాకు మిగిలింది చెవిలో చెప్పుకోవడం ఒక్కటే. అది నువ్వు చెప్పావు గనక అది అమ్మదే. మా అత్తగారు మీ ఇంట్లో పండగ పద్ధతులేమిటని అడిగితే అది చెప్పాను. ఆవిడకి చాలా నచ్చింది. ఈ పండక్కి నువ్వు ఇక్కడికే రా. తమ్ముడూ వస్తాడు. నాకు ఫిబ్రవరిలో పురుడు. పుట్టబోయే పిల్లకి మీ అమ్మమ్మ ఇలా చేసేదని చెప్పుకోవాలి. అందుకని అమ్మ ఇంకా ఏమేం చేసేదో గుర్తు చేసుకుని అన్నీ ఉత్తరంలో రాయించు. మేము కల్పించినవి వద్దు. అమ్మవి కావాలి.'

చదవడం అయిపోయింది. దడి మీద లోవమ్మ గారి కోళ్ళు ఎక్కి సర్దుకుంటున్నాయి.

"చెప్పండి, రాస్తాను," అన్నాడు మాణిక్యాలరావు.

"రాయండి. అమ్మ పొద్దున్నే లేచి... వద్దు, కొట్టెయ్యండి."

కొట్టేశాడు.

"రాయండి. అమ్మ ఇల్లంతా అలికి చుక్క ముగ్గు వేసేది... వేసేదా? చూడలేదు గదండీ నేను. అదీ కొట్టెయ్యండి."

అదీ కొట్టేశాడు. కాగితం మీద రెండు గీతలు పడ్డాయి.

"పోనీ నిజం రాసేద్దామా?" అన్నాడు మాణిక్యాలరావు. "మూడోది నేను కల్పించేనమ్మా, అమ్మ ఏం చేసేదో నాకూ తెలీదు అని. మీ అమ్మాయి అర్థం చేసుకుంటుంది. చదువుకున్న పిల్ల."

"అర్థం చేసుకుంటుందండి. నాకు తెలుసు. నా మీద కోపం కూడా రాదు దానికి." నూకరాజు చీలమండ నిమురుకున్నాడు. "కానీ దాని దగ్గర వాళ్ళమ్మది ఒక్కటుంది, అదీ నేను లాక్కుంటే ఇంకేమీ ఉండదు. నెలలు నిండుతున్నాయి దానికి. ఉత్తరం చేతులో పట్టుకుని కూర్చుంటుంది. ఒట్టి చేతుల్తో ఎలా రాయించమంటారు చెప్పండి?"

"అలాగని అబద్ధం రాస్తే?"

"పద్నాలుగేళ్ళు చెప్పేను. నోటితో చెప్పినదొకటి, కాగితం మీద రాయించేది ఇంకోటండి. అది దాన్ని పెట్లో దాచుకుంటుంది. దాని పిల్లకి చదివి వినిపిస్తుంది. నేను అక్కడికెళ్ళి, ఆ అత్తగారెదురుగా కూర్చుని, 'అవునండి, మా ఆవిడ ఇలాగే చేసేది' అనాలి. దీనమ్మ వింటే ఏమంటుంది? 'బతికున్నప్పుడు చూడలేదు, ఇప్పుడు కథలు చెబుతున్నావా' అంటుంది."

కాలవ మీద ఒక పడవ గడకర్రల చప్పుడు దగ్గరగా వచ్చి దూరమైంది. నూకరాజుకి ఆ నలభయ్యో రోజు మధ్యాహ్నం గుర్తొచ్చింది. మూటలు విప్పుతున్న జయమ్మ చేతులు. ఆ చేతులే దీనమ్మకి తల దువ్వాయి, ఆ చేతుల కిందే దీనమ్మ పాకం పట్టడం నేర్చుకుంది. ఏ పండగ ఎలా చెయ్యాలో చెల్లెలికి నేర్పింది ఆవిడే. ఆవిడకి తెలీకుండా ఎలా ఉంటుంది?

ఇంతసేపూ ఈ సంగతి తట్టక కాదు. ఉత్తరం మొదటిసారి విన్నప్పుడే తట్టింది. అప్పట్నించీ దాన్ని పక్కకి తోస్తూనే ఉన్నాడు. పిల్లలకి పెద్దమ్మ ఉందని తెలుసు, మొహం గుర్తుండదు. గుర్తులేకుండా చేసింది తనే. వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడాలంటే, ఎంత పొడుగు చెట్టయినా ఎక్కేవాడికి ధైర్యం చాలడం లేదు.

"ఆవిడ ఉందాండీ ఇంకా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఎవరు?"

"జయమ్మ గారు. రాజోలులో. పంతులు గారి భార్య."

మాణిక్యాలరావు కాస్త ఆలోచించాడు. "ఉన్నారు. పంతులు గారు పోయి మూడేళ్ళయింది. ఆవిడ ఒక్కరే ఉంటారు. ఏటా నా దగ్గర పాటల పుస్తకం కొంటారు. కళ్ళద్దాలు పెట్టుకుని చదువుకుంటారు."

"ఒక్కరే," అన్నాడు నూకరాజు. "పంతులు గారు పోయిన కబురు నాకెవరూ చెప్పలేదు. ఎందుకు చెప్తారులెండి."

లేచి లోపలికి వెళ్ళాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మళ్ళీ కూర్చోలేదు. కప్పు మోసే నిట్టాడు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ కాగితం మడిచి మీ సంచిలో పెట్టుకోండి. ఈ పూట రాయొద్దు. సోమవారం రాజోలు వైపు వెళ్తానన్నారు గదా?"

"ఆయ్, సోమవారమే."

"ఆవిడింటికి వెళ్ళండి. గుమ్మం బయటే నిలబెట్టినా ఏమీ అనుకోకండి. ముందు నా మాటగా ఒకటి చెప్పండి. ఆ రోజు నూకరాజు అన్న మాట తప్పు, అది తప్పని అన్న రోజే తెలుసు, పద్నాలుగేళ్ళు నోరు రాలేదు, అని. పిల్లల కోసం చెబుతున్నాడనుకుంటుందేమో. అనుకోనివ్వండి. మీరు మాత్రం పూర్తిగా చెప్పండి. మొహమాటపడి మెత్తగా చెయ్యకండి."

"చెప్తాను."

"తర్వాత అడగండి. దీనమ్మ పండగ నాడు పిల్లలతో ఏం చేసేదని. ఒక్కటి చాలండి. గొప్పది అక్కర్లేదు. పిల్లలకి బొట్టుబిళ్ళంత పాకుండ చేసి పెట్టేదన్నా సరే, తలంటుతూ తిట్టేదన్నా సరే. నిజమైంది అయితే చాలు. అదొక్కటి పైన రాయించి, కింద నా అబద్ధం సంగతి రాయిస్తాను. అప్పుడు రాయించగలను."

"ఆవిడ తలుపు వేసేస్తే?"

నూకరాజు నిట్టాడు వదిలి ఒకడుగు ముందుకేశాడు. "ఏసేస్తే, సాయంత్రం మళ్ళీ ఓసారి తట్టండి. మీ పుస్తకాలు కొంటుంది గదా. మిమ్మల్ని రెండుసార్లు పొమ్మనదు."

మాణిక్యాలరావు పలక సంచిలో వేసుకుని, సైకిలు స్టాండు తీశాడు. నూకరాజు గట్టు దాకా వెంట వచ్చాడు. చీకటి ఇంకా చిక్కబడలేదు. సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఇంకొక్క మాటండి. ఆవిడ ఏం చెబితే అది, చెప్పింది చెప్పినట్టు, అక్కడే ఆవిడ ముందే కూర్చుని కాగితం మీద రాసుకోండి. గుర్తుంటుందిలే అనుకుని నోటితో మాత్రం తేకండి. నోటితో తెచ్చేరంటే, దాన్నీ నేను కథ చేసేస్తాను."